ఒక కారుకు నాలుగు క్రెడిట్లు

అందరికీ నమస్కారం.

కాలిఫోర్నియాలో పెద్ద కార్ల కంపెనీలు 2025 మోడల్ అమ్మకాలకు 22 శాతం జీరో ఎమిషన్ క్రెడిట్లు, అంటే పొగ వదలని కార్లు అమ్మినందుకు ఇచ్చే పాయింట్లు, చూపించాలన్నది నిబంధన. వినగానే నూటికి ఇరవై రెండు కార్లు పొగ లేనివే అనుకుంటాం. కానీ ఆ శాతం కార్లది కాదు, క్రెడిట్లది. అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

లెక్క వేసి చూద్దాం. పరీక్షలో బ్యాటరీ కారు ఒక్క ఛార్జింగుతో ఎన్ని మైళ్ళు నడిస్తే, ఆ అంకెను 0.01తో గుణించి 0.5 కలుపుతారు. 350 మైళ్ళు నడిస్తే 4 క్రెడిట్లు. అంతకు మించి ఇవ్వరు. లక్ష కార్లు అమ్మే కంపెనీకి 22,000 క్రెడిట్లు కావాలి. ఇలాంటి కార్లు 5,500 అమ్మితే సరిపోతుంది!

అవీ అమ్మలేకపోతే? క్రెడిట్లు కొనుక్కోవచ్చు. రాష్ట్ర వాయు వనరుల బోర్డు దగ్గర ప్రతి కంపెనీకీ ఖాతా ఉంటుంది. మిగిలినవి దాచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ధర ఇద్దరూ మాట్లాడుకునేదే. లోటు పడితే క్రెడిట్‌కు 5,000 డాలర్ల జరిమానా కనుక, బేరమంతా ఆ అంకె మీద కన్నేసి సాగుతుంది.

2020లో టెస్లాకు అన్ని చోట్లా కలిపి క్రెడిట్ల అమ్మకం మీద వచ్చింది 158 కోట్ల డాలర్లు. ఆ ఏడాది నికర లాభం 72 కోట్లే. క్రెడిట్లు లేకపోతే నష్టమే మిగిలేది. ఇంకోవైపు, ఈ నిబంధన కోసమే అమ్మాల్సి వచ్చిన ఫియట్ 500ఇ ఎలక్ట్రిక్ కారు ఒక్కోటి అమ్మినప్పుడల్లా 14,000 డాలర్లు పోతున్నాయని, దయచేసి కొనొద్దని 2014లో ఆ కంపెనీ అధిపతి సెర్జియో మార్కియోనే బహిరంగంగానే అన్నారు.

ఈ అమ్మకాన్ని నేను మోసమనను. పెట్రోలు కార్ల డబ్బు ఎలక్ట్రిక్ కార్లు చేసేవాళ్ళకు చేరింది, అది మంచిదే. నా అభ్యంతరం లెక్క మీద. ఒక కారును నాలుగుగా రాసుకుంటే, ఆ మిగతా మూడు కార్ల పొగ లాస్ ఏంజిలిస్ జనమే పీల్చాలి.

2026 మోడళ్ళ నుంచి ఒక కారుకు ఒకటే లెక్క, వాటా 35 శాతం అని బోర్డు సరిదిద్దింది. ఇలాంటి సొంత నిబంధనకు అమెరికా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి; 2025 జూన్‌లో ఆ ప్రభుత్వం అనుమతిని రద్దు చేసింది, రాష్ట్రం కోర్టుకెక్కింది.

మన దేశంలోనూ కంపెనీల ఇంధన సగటు తీసేటప్పుడు, కేఫ్ నిబంధనల్లో ఒక బ్యాటరీ కారును మూడుగా లెక్కించారు. కొత్త ముసాయిదా ఎప్పుడొచ్చినా, ఒక కారును ఎన్ని కార్లుగా రాసుకుంటున్నారో ముందు అడగండి.