ఎడం చేతి ఆయన మానేశాక

అందరికీ నమస్కారం. ఈ రోజు శనివారం. లాస్ ఏంజెలెస్ పక్కన సెరిటోస్‌లో ఉంటాం మేము. 2025 డిసెంబరు కదా, పొద్దున పూట తెనాలిలో ధనుర్మాసం చలిలా ఉంది, ఒక స్వెట్టర్ వేసుకుంటే చాలు. ఈ వీడియో మా నాన్న కోసం చేస్తున్నాను. పోయిన వారం ఫోన్లో అడిగారు: "అమ్మా, ఆ ఎడం చేతి ఆయన మానేశాడు కదా, ఇప్పుడు మీ వాళ్లకి బౌలింగ్ ఎవరు వేస్తారు?" అని. ఫోన్లో ఎంత చెప్పినా తృప్తిగా లేదు ఆయనకి. "వీడియో పెట్టు, నేను నిదానంగా చూసుకుంటా" అన్నారు. సరే నాన్నా, ఇదిగో.

ఆ ఎడం చేతి ఆయన పేరు క్లేటన్ కెర్షా. మా ఊరి బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్‌కి పిచర్. పిచర్ అంటే మన బౌలరే, కానీ బంతి నేల మీద పడకూడదు, నేరుగా బ్యాటర్ దగ్గరికి వెళ్లాలి. మధ్య దూరం అరవై అడుగుల ఆరు అంగుళాలు, మన క్రికెట్ పిచ్ కంటే ఐదున్నర అడుగులు తక్కువ. చెయ్యి మడిచి విసిరినా తప్పు లేదు. పరుగెత్తుకుంటూ రావడం ఉండదు, చిన్న మట్టి దిబ్బ మీద నిలబడే వెయ్యాలి. కెర్షా అయితే రెండు చేతులూ తల మీదికెత్తి, కుడి కాలు పైకి లేపి, దాన్ని దించేటప్పుడు మధ్యలో ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడం చూసి మావాడు చిన్నూ మూడేళ్ల వయసులోనే హాల్లో సోఫా ముందు నిలబడి కాలు లేపేవాడు.

కెర్షా డాడ్జర్స్‌కి మొదటి మ్యాచ్ ఆడింది 2008 మే 25న. నేను ఈ దేశంలో దిగింది కూడా 2008 మేలోనే. అప్పుడు ఈ ఆట సంగతి ఏమీ తెలియదు. మా ఆయన ఆఫీసుకి వెళ్లిపోతే అపార్ట్‌మెంట్‌లో నేనూ టీవీ, అంతే. తెలుగు ఛానల్ పెట్టించుకోవాలంటే నెలకి ఇంతని కట్టాలి, అప్పట్లో ఆ డబ్బు కూడా లెక్కే. ఉన్న ఛానల్స్‌లో సాయంత్రం అయితే బేస్‌బాల్ వచ్చేది. అర్థం కాకపోయినా జనం అరుపులు వినిపిస్తే ఇంట్లో మనుషులున్నట్టు ఉండేది. అలా అలవాటైన ఆట ఇది. కెర్షాది పద్దెనిమిది సీజన్లు, ఒకటే జట్టు. నా పద్దెనిమిదేళ్లూ అవే.

చిన్నూకి ఇప్పుడు పదకొండేళ్లు. వాడిది ఎడం చేతి వాటం. మన వైపు దీంతో ఎంత గొడవో మీకు తెలుసు. ఆరేళ్లప్పుడు తెనాలి తీసుకెళ్తే మా అమ్మ ముద్ద ముద్దకీ "కుడి చేత్తో నాన్నా, కుడి చేత్తో" అంటూనే ఉంది. కొట్టువాడికి ఎడం చేత్తో నోటు ఇచ్చాడని పక్కింటి పిన్ని కూడా చెప్పింది. వాడికి ఏమీ అర్థం కాక నా కొంగు పట్టుకుని తిరిగాడు. ఇక్కడికొచ్చి లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్‌లో చేర్చిన మొదటి రోజు కోచ్ వాడు బంతి విసరడం చూసి, నా దగ్గరికి పరుగున వచ్చి "లెఫ్టీనా!" అని ఎంత సంబరపడ్డారో. ఇక్కడ ఎడం చేతి పిచర్ అంటే అంత గిరాకీ. ఎడం చేతి బ్యాటర్‌కి అదే చేతి బంతి వీపు వెనక నుంచి వస్తున్నట్టు కనిపిస్తుంది. పైగా మొదటి బేస్ (పరుగు తీసేవాడు ఆగే మొదటి చోటు) మీద నిలబడ్డ రన్నర్‌కి ఎదురుగా ముఖం పెట్టి నిలబడతాడు కాబట్టి వాడు కదిలితే తెలిసిపోతుంది. ఈ వివరమంతా చిన్నూనే నాకు చెప్పాడు. ఆ రోజు కార్లో ఇంటికొస్తూ నేను ఏడ్చాను. వాడి చేతి గురించి "అయ్యో" అనకుండా సంతోషపడిన మొదటి పెద్దమనిషి ఆ కోచ్.

ఖర్చు మాత్రం ఉంది. కుడి చేతికి తొడుక్కునే గ్లవ్ అరవై డాలర్లు, అంటే ఈ రోజు లెక్కలో 5,400 రూపాయలు. ఏడాదికి ఒకటి చిన్నదైపోతుంది. విడిగా పిచింగ్ నేర్పించే ఆయన గంటకి ఎనభై డాలర్లు తీసుకుంటారు, 7,200 రూపాయలు. తెనాలిలో ఒక నెల ట్యూషన్లన్నీ అయిపోతాయి ఆ డబ్బుతో. నెలకి రెండుసార్లే పంపిస్తున్నాం.

సరే, ప్రాక్టీసుకి ముందు పయొనీర్ బూలెవార్డ్‌కి వెళ్లాలి, ఆర్టీసియాలో మనవాళ్ల షాపులన్నీ ఆ వీధిలోనే. ఇవాళ గోంగూర వచ్చింది! చూడండి, కట్ట మూడు డాలర్లు, 270 రూపాయలు. ఎర్ర కాడ గోంగూరే, కాస్త వాడింది కానీ పులుపు బాగుంటుంది. నాలుగు కట్టలు తీసుకున్నాను. పచ్చడికి మూడు, పప్పులోకి ఒకటి.

కార్లో ఉన్నాం కాబట్టి సెప్టెంబరు సంగతి చెప్తాను. టికెట్లు మేము జూలైలోనే కొన్నాం, మనిషికి డెబ్బై డాలర్లు. ముగ్గురికి కలిపి 18,900 రూపాయలు. ఏదో ఒక శుక్రవారం మ్యాచ్ అనుకున్నామంతే. సరిగ్గా ముందురోజు, సెప్టెంబరు 18న, కెర్షా రిటైర్ అవుతున్నానని చెప్పేశాడు. మా చేతిలో ఉన్న మ్యాచ్‌లో ఆయన పిచింగ్! సొంత స్టేడియంలో రెగ్యులర్ సీజన్‌కి ఆఖరిసారి. యూనియన్ స్టేషన్ నుంచి స్టేడియం దాకా మ్యాచ్ టికెట్ ఉన్నవాళ్లకి బస్సు ఉచితం, అది ఎక్కేసరికే జనం కెర్షా 22 నంబరు చొక్కాలతో కిక్కిరిసి ఉన్నారు.

ఇక్కడ క్రికెట్‌కీ దీనికీ ఒక పెద్ద తేడా చెప్పాలి. మన బౌలర్ ఒక స్పెల్ అయిపోయినా మళ్లీ వచ్చి వెయ్యొచ్చు. ఇక్కడ ఒక్కసారి తప్పిస్తే ఆ రోజుకి మళ్లీ రాకూడదు. అందుకే తప్పించడం కూడా ఒక పద్ధతి ప్రకారం జరుగుతుంది. మేనేజర్ స్వయంగా మైదానంలోకి నడిచొచ్చి, పిచర్ చేతిలో బంతి తీసుకోవాలి. ఆ రోజు శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ మీద ఆట. మొదటి బ్యాటరే హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కొట్టాడు. అయినా ఎవరూ కూర్చోలేదు. మ్యాచ్‌కి మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్. ఐదో ఇన్నింగ్స్‌లో జయంట్స్ బ్యాటర్ రఫాయెల్ డెవర్స్‌ని స్ట్రైక్ ఔట్ (మూడు స్ట్రైక్స్ పడితే ఔట్) చేశాక మా మేనేజర్ డేవ్ రాబర్ట్స్ నడిచొచ్చారు. 56 వేల మంది పట్టే స్టేడియం అంతా లేచి నిలబడింది. కెర్షా బంతి ఇచ్చేసి, ఒక్కొక్కరినీ కౌగిలించుకుని, టోపీ తీసి నలువైపులకీ చూశాడు. నా పక్క సీట్లో డెబ్బై ఏళ్ల మెక్సికన్ పెద్దాయన టోపీ గుండెకి ఆనించుకుని నిలబడ్డారు. ఆయన్ని చూస్తే నాకు నాన్న గుర్తొచ్చారు.

నాన్న ఆర్టీసీలో డ్రైవరు, తెనాలి డిపో. 2013లో రిటైరయ్యారు. డిపోలో షామియానా వేసి, దండ వేసి, శాలువా కప్పి, ఆఖరి డ్యూటీ బస్సుకి అరటి పిలకలు కట్టారట. నేను వెళ్లలేకపోయాను. వీసా స్టాంపింగ్‌కి వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని భయం. తమ్ముడు పంపిన వీడియో చూశాను. నాన్న బస్సు దిగి, తాళం డిపో మేనేజర్ చేతిలో పెట్టి, బస్సు బానెట్ మీద ఒకసారి చెయ్యి వేశారు. ఎడం చెయ్యి. రాబర్ట్స్ చేతిలో కెర్షా బంతి పెట్టినప్పుడు నాకు ఆ తాళం కనిపించింది. నాన్నా, ఆ రోజు నేను రానందుకు మీరు ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి షోహెయ్ ఒతాని మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, 6-3తో గెలిచాం. కెర్షా మొత్తం లెక్క 223 విజయాలు, 96 ఓటములు, 3,052 స్ట్రైక్ ఔట్లు. మూడు వేలు దాటిన పిచర్లు ఇప్పటికి ఇరవై మందే, వాళ్లలో ఎడం చేతివాళ్లు నలుగురే.

ఇక నాన్న ప్రశ్న. చిన్నూ, నువ్వు చెప్పు తాతయ్యకి.

వాడు చెప్పింది నా మాటల్లో చెప్తాను, వాడి తెలుగు సగంలో ఇంగ్లిష్ అయిపోతుంది. సీజన్‌కి 162 మ్యాచ్‌లు, దాదాపు రోజూ ఆట. ఒక స్టార్టింగ్ పిచర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టేవాడు, ఒక రోజు వేస్తే నాలుగైదు రోజులు విశ్రాంతి. అందుకని ఐదుగురో ఆరుగురో వంతులు వేసుకుంటారు. మొదటివాడు యొషినొబు యమమొటో. పన్నెండేళ్లకి 32.5 కోట్ల డాలర్లు, అంటే 2,925 కోట్ల రూపాయలు! దానికి తగ్గట్టే ఈసారి వరల్డ్ సిరీస్‌లో, అంటే ఛాంపియన్ ఎవరో తేల్చే ఫైనల్లో, మూడు మ్యాచ్‌లు గెలిపించాడు. ఆరో మ్యాచ్‌లో వేసి, మర్నాడే ఏడో మ్యాచ్‌లో మళ్లీ వచ్చాడు. తర్వాత బ్లేక్ స్నెల్, టైలర్ గ్లాస్‌నో. ఇద్దరూ ఆరోగ్యంగా ఉంటే ఎదురులేదు, కానీ గాయాలు వాళ్లని వదలవు. ఒతాని బ్యాటింగూ చేస్తాడు, పిచింగూ చేస్తాడు. మోచేతి ఆపరేషన్ తర్వాత ఈ జూన్‌లోనే మళ్లీ దిబ్బ ఎక్కాడు, అక్టోబరు 17న ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టి పదిమందిని స్ట్రైక్ ఔట్ చేశాడు. రోకి ససాకి ప్లే ఆఫ్స్‌లో చివరి ఇన్నింగ్స్ వేశాడు. ఇప్పుడు ఆ పనికి ఎడ్విన్ డియజ్‌ని మూడేళ్లకి తెచ్చారు కాబట్టి ససాకి స్టార్టర్‌గా రావచ్చు. ఎమ్మెట్ షీహన్ ఉన్నాడు. ఆపరేషన్ల నుంచి కోలుకుంటున్న గావిన్ స్టోన్, రివర్ రయన్ ఉన్నారు.

మనుషులకి కొదవ లేదు నాన్నా. కానీ చిన్నూ బాధ వేరే. పైన చెప్పిన స్టార్టర్లలో ఎడం చేతివాడు స్నెల్ ఒక్కడే. జస్టిన్ రొబ్లెస్కీ ఉన్నాడు కానీ అతనికి వంతు ఎన్నిసార్లు వస్తుందో. "అమ్మా, శాండీ కూఫాక్స్, ఫెర్నాండో, కెర్షా. డాడ్జర్స్‌కి ఎప్పుడూ ఒక లెఫ్టీ ఉండాలి" అంటాడు. మొదటి ఇద్దరూ పాతకాలం డాడ్జర్స్ ఎడం చేతి పిచర్లు. నా ఉద్దేశం కూడా అదే. ఆరుగురు దొరకొచ్చు, పదహారుమంది దొరకొచ్చు. జూలైలో అందరి భుజాలూ నొప్పెడుతున్నప్పుడు ఎవరినీ అడగకుండా బంతి తీసుకునే మనిషి దొరకడు. ఈ ఏడాది కెర్షా వేగం గంటకి 143 కిలోమీటర్లు కూడా దాటడం కష్టమే అయింది, కుర్రాళ్లు 155 వేస్తుంటే. అయినా 11 గెలిచి 2 ఓడాడు.

అక్టోబరు 27 రాత్రి సంగతి నాన్నకి తెలుసు, మీకు చెప్తాను. వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్, టొరంటోతో. తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలక సాగుతూనే ఉంది. అక్కడ మీకు 28వ తేదీ పొద్దున, మొంథా తుఫాను తీరం వైపు వస్తోంది. నేను ఒక చెవిలో ఫోను, ఎదురుగా టీవీ. "కరెంటు ఉందా, మంచినీళ్లు పట్టారా, అమ్మ మందులు ఉన్నాయా" అని అడుగుతున్నాను. పన్నెండో ఇన్నింగ్స్, బేసులు మూడూ నిండిపోయాయి, ఇద్దరు ఔట్. కెర్షాని పిలిచారు. ఫోను టీవీ వైపు తిప్పాను. "ఇది ఆయనేనా?" అన్నారు నాన్న, వెనక వాన చప్పుడు. మూడు బాల్స్ (గురి తప్పినవి), రెండు స్ట్రైక్స్ (బ్యాటర్ కొట్టలేకపోయినవి). ఇంకొక్కటి గురి తప్పితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి వెళ్తాడు, వాళ్లకి పరుగు వచ్చేస్తుంది. బంతి బ్యాటు అంచుకి తగిలి నేల మీద మెల్లగా దొర్లింది, రెండో బేస్ దగ్గరి ఎడ్‌మన్ అందుకుని మొదటి బేస్‌కి వేశాడు. ఔట్. ఆ మ్యాచ్ పద్దెనిమిదో ఇన్నింగ్స్ దాకా వెళ్లింది. ఆ రాత్రి నాన్నకి తుఫాను, నాకు ఆట, ఇద్దరికీ నిద్ర లేదు.

ఇప్పుడు పార్కులో ఉన్నాం, సాయంత్రం ఐదు. చిన్నూకి ఈ వయసులో రోజుకి 85 బంతులకి మించి వెయ్యనివ్వరు, 66 దాటితే నాలుగు రోజులు ముట్టుకోకూడదు. కెర్షా కర్వ్ బంతి నేర్పమని రోజూ అడుగుతాడు. పైనుంచి వచ్చి గడియారంలో పన్నెండు నుంచి ఆరుకి పడ్డట్టు పడుతుంది అది. మా కోచ్ ఇప్పుడే వద్దంటారు, మోచెయ్యి ముదరాలి కదా.

తెనాలిలో మర్నాడు పొద్దున ఆరున్నర. నాన్నకి వీడియో కాల్ చేశాను. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు.

"తాతయ్యా, నువ్వు స్పిన్ వేసేవాడివి కదా, ఎలా పట్టుకునేవాడివి?"

నాన్న చిన్నప్పుడు ఎడం చేత్తో రాస్తే వేళ్ల మీద కొట్టారట, అందుకే రాత, భోజనం కుడి చేత్తోనే. కానీ డిపో జట్టుకి బౌలింగ్ మాత్రం ఎడం చేత్తో వేసేవారు.

"ఉండరా కన్నా" అని లోపలికి వెళ్లారు. పళ్ల బుట్టలోంచి ఒక బత్తాయి తెచ్చుకున్నారు. కళ్లజోడు సరిచేసుకుని, ఫోనుకి బాగా దగ్గరగా పెట్టి, మూడు వేళ్లు దాని మీద పరిచారు. చూపుడు వేలు మొదటి కణుపు దగ్గర వంగి ఉంది. "ఇదిగో, ఈ వేలుతో తిప్పాలి. గట్టిగా పట్టుకోకు, పిచ్చుకని పట్టుకున్నట్టు పట్టుకో."

చిన్నూ తన బంతి ఫోను పక్కన పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే సరిచేసుకుంటున్నాడు.

"ఇంకొంచెం విడదియ్యి. అదీ. ఏదీ, వెయ్యి చూద్దాం."