సంగీత చరిత్రను యంత్రం చేత చదివించడం అపచారం

నమస్కారం. సంగీత చరిత్ర పుస్తకాన్ని యంత్రం గొంతుతో చదివించడమంటే ఆ పుస్తకం నోరు నొక్కడమే, ఈ మాటను నేను ఇసుమంతైనా తగ్గించి చెప్పబోవడం లేదు. 2023లో, పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందించే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, మైక్రోసాఫ్ట్ తదితరులతో కలిసి దాదాపు 5,000 పాత పుస్తకాలను కృత్రిమ గొంతుతో ఆడియో పుస్తకాలుగా విడుదల చేసినప్పటి నుంచి, "ఇక పుస్తకాలను స్వచ్ఛందంగా చదివి ఉచితంగా వినిపించే లిబ్రివాక్స్ వాళ్ళు అధ్యాయాలు పంచుకొని, గదిలో ఫ్యాను ఆపుకొని, నెలల తరబడి చదవడం దేనికి?" అనే దెప్పిపొడుపు వినబడుతూనే ఉంది. 2005లో హ్యూ మెగ్వైర్ మాంట్రియల్‌లో మొదలుపెట్టిన లిబ్రివాక్స్ నేటికీ మనుషుల గొంతులనే తీసుకొంటుంది. తక్కిన పుస్తకాల మాట ఎలా ఉన్నా, సంగీత చరిత్ర విషయంలో వాళ్ళ పట్టుదల ముమ్మాటికీ న్యాయమైనది.

చార్లెస్ బర్నీ సంగతే చూడండి. 1776 నుంచి 1789 వరకు నాలుగు సంపుటాల సంగీత చరిత్రను వెలువరించిన ఈ ఆంగ్లేయుడు గ్రంథాలయాలతో సరిపెట్టుకోకుండా, 1770లో ఫ్రాన్సు, ఇటలీలకు, 1772లో జర్మన్ రాజ్యాలకు వెళ్ళి, అక్కడి గాయకులను, వాద్యకారులను స్వయంగా విని వచ్చి మరీ రాశాడు. అదే 1776లో ఆయన పోటీదారు సర్ జాన్ హాకిన్స్ తన ఐదు సంపుటాలనూ ఒక్కసారే అచ్చువేయగా, జాన్ వాల్ కాల్కాట్ అనే స్వరకర్త, గాయకులు ఒకరి వెనుక ఒకరు అందుకొని పాడే పాట ఒకటి కట్టి హాకిన్స్‌ను ఆటపట్టించాడు. అందులో "బర్నీస్ హిస్టరీ" అన్న మాటలు కాగితం మీద ఎంతో అమాయకంగా కనబడతాయి. గొంతులు వేగం పుంజుకొనేసరికి అవే "బర్న్ హిజ్ హిస్టరీ", అంటే హాకిన్స్ చరిత్రను తగలబెట్టమని వినబడతాయి. పాపం హాకిన్స్! ఇటువంటి కొంటెతనం ఎదురైతే యంత్రం నిక్షేపంగా చదివి, నిక్షేపంగా చంపేస్తుంది.

స్వచ్ఛందంగా చదివేవారు తప్పులు చేయరా అంటే, బోలెడు చేస్తారు. గ్రీకు పేర్ల దగ్గర నాలుక మడతపడుతుంది. ఒక అధ్యాయం అమెరికా యాసలో, మరుసటిది ఇంకెక్కడి యాసలోనో సాగుతుంది. అయితే ప్రతి అధ్యాయాన్నీ మరొకరు విని, ఏ నిమిషం ఏ సెకను దగ్గర వాక్యం రెండుసార్లు పడిందో, ఎక్కడ మాట జారిపోయిందో రాసి పంపుతారు. చదివినవారు ఆ ముక్కను మళ్ళీ చదివి అతికిస్తారు. గురువు ఎదుట కూర్చొని పాఠం ఒప్పజెప్పడం వంటిదే ఇది. నా సిద్ధాంతం అడిగితే, ఈ మొత్తం పనిలో చదివేవారికంటే వినేవారే పెద్దలు. యంత్రానికి అరువు నోరు ఉందే తప్ప చెవి ఎక్కడుంది?

మన తెలుగులోనే, సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురం నుంచి వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే, కీర్తనలను స్వరాలతో సహా అచ్చువేసిన గ్రంథం ఉంది. అందులో స్వరాక్షరాల మీద కంపితానికి, అంటే స్వరాన్ని ఊపడానికి, అలల గీత, జారుకు, అంటే ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడానికి, ఏటవాలు గీత అచ్చువేయించారు. "రి గ మ" అని విడివిడిగా ఉన్నచోట యంత్రం "రిగమ" అంటూ ఏదో ఊరి పేరులా చదివేస్తుంది. దీర్ఘం ఉన్న "మా" ఎంతసేపు నిలవాలో దానికి పట్టదు. అలల గీతను చూసి గొంతు ఊపడమన్నది కల్ల. అటువంటి చోట మనిషైతే చదవడం ఆపి పాడతాడు, రాకపోతే వచ్చినవారిని బతిమాలుకొంటాడు.

దీక్షితులు 1906లోనే కన్నుమూశారు కనుక కాపీరైటు పేచీ లేదు. లిబ్రివాక్స్ కోసం ముందుగా అందులోని వాగ్గేయకారుల చరిత్రలను తలా ఒకటి పంచుకొని చదవండి. అదంతా వచనమే, సంగీతం రాని నావంటివారికీ సాధ్యమే. కోనసీమ యాసలో చదివినా, పాలమూరు యాసలో చదివినా, డల్లాస్‌లో పుట్టిన పిల్లల తెలుగులో చదివినా సంతోషంగా వింటాను. యంత్రం చేత చదివించి నాకు లింకు పంపాలనుకొనేవారికి మాత్రం ముందే విన్నవిస్తున్నాను, నేను దానిని తెరవను.