ఊరి షెడ్డులో ఎలక్ట్రిక్ కారు

శ్రోతలందరికీ నమస్కారం.

మహబూబ్‌నగర్ పక్కనే ఉన్న దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అమరరాజా వాళ్లది. 9,500 కోట్ల పెట్టుబడి అని ప్రకటించారు. మన పిల్లలకు కొలువులొస్తాయా రావా అన్న ముచ్చట పాలమూరు చాయ్ హోటళ్లలో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కొలువుల మాట అటుంచి నేనింకోటి అడుగుతాను. బ్యాటరీ పెట్టి నడిపే బండిని విప్పి మళ్లీ బిగించగల చేతులు మన ఊళ్లల్లో ఎన్నున్నాయి? ఎలక్ట్రిక్ స్కూటర్ ఆగిపోతే ట్రాలీ ఆటోలో వేసుకుని జిల్లా కేంద్రానికి పట్టుకుపోతున్నాం. అదే పెట్రోలు బండి ఆగితే చెట్టుకింది మెకానిక్ అరగంటలో లేపుతాడు. ఆ చెట్టుకింది మెకానిక్కే ఎలక్ట్రిక్ బండి అర్థం కావాలంటే, క్లాసులో కూర్చోబెట్టి చెబితే కాదు. ఒక బండి కట్టించాలి.

పదిమంది కలిసి విడిభాగాలు తెచ్చుకుని, సొంత షెడ్డులో కట్టుకునే బండిని కిట్ కారు అంటారు. ఇదేం కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో లోటస్ కంపెనీ 1957లో ‘సెవెన్’ అనే రెండు సీట్ల కారు తెచ్చి, దాన్ని విడిభాగాలుగా కూడా అమ్మింది. పూర్తి కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి, విడిభాగాలకు అక్కర్లేదు. పన్ను మిగులుతుందని జనం ఇంటి వెనక షెడ్లలో స్పానర్లు పట్టారు. 1973లో పన్నుల పద్ధతి మారి ఆ లాభం పోయినా, స్పానర్లు మాత్రం కింద పెట్టలేదు. అదే నమూనా కారు ఇప్పటికీ కిట్‌గా దొరుకుతోంది. పైసల కోసం మొదలైన పని చేతి అలవాటుగా మారింది.

మన దగ్గర ఆ చేతి తెలివి లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆలేరు దగ్గరి శారాజీపేటలో, చీర నేతకు ముందు నూలును చేత్తో మేకుల చుట్టూ తిప్పే ఆసు పోసీ పోసీ తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం మన ఉమ్మడి నల్లగొండ జిల్లా మనిషే. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ యంత్రాన్ని ఆయన ఒక్కడే పట్టుబట్టి సాధించాడు. కారు అలా కాదు. వెల్డర్ కావాలి, ఆటో ఎలక్ట్రీషియన్ కావాలి, ఐటీఐ పిల్లలు కావాలి, సీట్లకు రెగ్జిన్ కుట్టే దర్జీ కావాలి.

సరే, పని ఎక్కడ మొదలుపెట్టాలి? పాత సామాన్ల దుకాణంలో. నన్నడిగితే పాత మారుతీ ఓమ్ని వెతకమంటాను. దానికి ఇంజిను శక్తి వెనక చక్రాలకే పోతుంది. ఆ శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్, కమాన్ పట్టీలు, స్టీరింగు, బ్రేకులు అన్నీ అందులోనే దొరుకుతాయి. ఇంజిను, గేర్‌బాక్సు తీసేసి ఆ జాగాలో మోటారు పెట్టవచ్చు. కానీ కాగితాలు చూడకుండా బండి కొనొద్దు. ఆర్‌సీ రద్దు చేయించారా లేదా తెలుసుకోండి. లేదంటే కారు కట్టడం కన్నా పోలీస్‌స్టేషన్ చుట్టూ తిరగడమే ఎక్కువవుతుంది.

ఫ్రేముకు 40 మిల్లీమీటర్ల చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందం. గేట్లు, కిటికీలు చేసే ప్రతి వెల్డింగ్ షాపులో ఉండేదే. అయితే గేటు అరంగుళం వంకరపోయినా పడుతుంది, కారు ఫ్రేము పడదు. వెల్డింగ్ వేడికి ఇనుము గుంజుకుంటుంది. అందుకని ఒక పక్క అతుకు పూర్తిగా వేసేసి ఇంకో పక్కకు పోకూడదు. ముందు అన్ని మూలలకూ చుక్క టాకాలు కొట్టాలి. తర్వాత ఇద్దరు టేపు పట్టుకుని, ఈ మూల నుంచి ఎదురు మూలకు ఒకసారి, ఆ మూల నుంచి ఈ ఎదురు మూలకు ఒకసారి కొలవాలి. రెండు కొలతలూ ఒకటే రావాలి. తేడా వస్తే టాకా విరగ్గొట్టి సరిచేయడం అయిదు నిమిషాల పని. ఫుల్ వెల్డింగ్ అయ్యాక తేడా బయటపడితే కట్టరు తీయాల్సిందే. పునాది ముగ్గు పోసే మేస్త్రీకి ఈ మూల కొలత కొత్తగా చెప్పక్కర్లేదు, అందుకే మీ జట్టులో ఒక మేస్త్రీ ఉన్నా మంచిదే.

ఇప్పుడు కరెంటు లెక్క. బండి, ఇద్దరు మనుషులు, కాస్త సామాను కలిపి 600 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగానికి కావలసింది సుమారు 2 కిలోవాట్లు, అంటే నీళ్లు కాచే గీజర్ తినేంత. ఎత్తు ఎక్కేటప్పటికి, ఒక్కసారిగా కదిలేటప్పటికి ఎక్కువ కావాలి గనక 5 కిలోవాట్ల మోటారు పెట్టుకోవచ్చు. ఒక యూనిట్ కరెంటుకు 16 నుంచి 20 కిలోమీటర్లు వస్తాయి. బ్యాటరీకి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ తీసుకోండి. ఒక్కోటి 3.2 వోల్టులు, 100 ఆంపియర్-అవర్. పదహారు వరసగా కలిపితే 51.2 వోల్టులు, దాదాపు 5 యూనిట్ల నిల్వ. అందులో నాలుగు యూనిట్లే వాడినా అరవై కిలోమీటర్లకు ఢోకా లేదు.

‘యాభై వోల్టులే కదా, షాక్ ఏం కొడుతుంది’ అని కుర్రాళ్లు అంటారు. నాకు భయం షాక్ గురించి కాదు, మంట గురించి. ఇంత తక్కువ వోల్టులతో 5 కిలోవాట్లు లాగాలంటే తీగలో వంద ఆంపియర్లు పారాలి. రెండు టెర్మినళ్ల మధ్య స్పానర్ జారి పడిందా, అది అక్కడికక్కడే ఎర్రగా కాలుతుంది. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. వేలి ఉంగరం, చేతి కడెం, మొలతాడుకున్న తాళంచెవుల గుత్తి, అన్నీ తీసి అవతల పెట్టి పనిలోకి దిగండి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు, ఏ సెల్ ఎక్కువ నిండినా, మరీ ఖాళీ అయినా ఆపేసే బీఎంఎస్, ఈ రెంటి విషయంలో పిసినారితనం వద్దు. లావు తీగకు లగ్గు, అంటే తీగ కొసన బిగించే లోహపు ముక్క, వేసేటప్పుడు సుత్తితో చదునుగా కొట్టి సరిపెట్టేవాళ్లున్నారు. లోపల సందు మిగిలిపోతుంది, వంద ఆంపియర్లు ఆ సందు దగ్గర వేడెక్కి తొడుగు కరుగుతుంది. లైన్ల పనిచేసే కాంట్రాక్టర్ల దగ్గర లగ్గును చుట్టూ గట్టిగా నొక్కి బిగించే హైడ్రాలిక్ క్రింపింగ్ పనిముట్టు ఉంటుంది. ఒక్కరోజు అడిగి తెచ్చుకోండి.

ఇంకో సంగతి, మన ఎండ. ఈ సెల్స్‌ను మరీ వేడిగా ఉన్నప్పుడు ఛార్జి చేయొద్దని తయారీదారులే చెబుతారు. మే నెలలో నల్లగొండ ఎండలో రోజంతా నిలబెట్టిన బండిని సాయంత్రం రాగానే ప్లగ్గుకు పెట్టకండి. చల్లారనిచ్చి, తెల్లవారుజామున పెట్టుకోండి.

చట్టం సంగతి చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. ఇలా కట్టిన బండిని రోడ్డెక్కించలేం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి పబ్లిక్ స్థలంలో తిరగకూడదు. ఊళ్లో సీసీ రోడ్డు కూడా పబ్లిక్ స్థలమే. రిజిస్ట్రేషన్ కావాలంటే నమూనా బండి పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలో పరీక్ష గట్టెక్కాలి. ఆ ఖర్చు కంపెనీలకే గానీ ఊరి జట్టుకు అందదు. ఉత్తరాదిన డీజిల్ పంపు ఇంజిను బిగించి నడిపే జుగాడ్ బండ్లు కూడా మోటారు వాహనాలేనని, చట్టానికి లోబడాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. బీమా లేని బండి ఎవరికైనా తగిలితే నడిపినవాడి ఇల్లూ పొలం మీదికొస్తుంది. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన ఒక్క బండినైనా పరీక్షించి నంబరిచ్చే పద్ధతి ఉంది. అలాంటిది మనకూ కావాలని నా అభిప్రాయం. అది వచ్చేదాకా బత్తాయి తోటల్లో, కంచె వేసిన పొలాల్లో, కాలేజీ ఆవరణల్లో నడుపుకుందాం. బత్తాయి కోత రోజుల్లో చెట్ల వరసల మధ్య బుట్టలు మోయడానికే ఈ బండి కావలసినంత పని చేస్తుంది.

ఖర్చు రెండు లక్షలకు అటూ ఇటూ వేసుకోండి, అందులో పెద్ద వాటా బ్యాటరీది, మోటారుది. పదిమంది చేతిలో పాము చావదంటారు, బండి కూడా అంతే. ఎవరు ఎంత వేశారు, ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, చివరికి బండి ఎవరి దగ్గర ఉంటుంది, మొదటిరోజే రాసుకోండి. ఆ పుస్తకం మహిళా పొదుపు సంఘం వాళ్ల చేతికివ్వండి. లెక్క తప్పకుండా రాయడం వాళ్లకు ఏళ్ల అలవాటు.

చివరగా ఒక్కమాట. ముందే బ్యాటరీ కొనకండి. ఫ్రేము, చక్రాలు, స్టీరింగు, బ్రేకులు బిగించి, మనుషులతో తోయించి, బ్రేకు తొక్కి చూడండి. నాలుగు చక్రాలూ ఒక్కసారే పడుతున్నాయా, ఒక పక్కకు గుంజుతోందా చూసుకుని, సరయ్యేదాకా ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి. ఈలోగా సెల్స్ ధర ఇంకొంచెం దిగినా దిగవచ్చు.

సెలవు.