ఆఫీసు కరెంటు బిల్లు గోడ మీద పెట్టండి

శ్రోతలకు నమస్కారం. మన విశాఖలో ఏ జోనల్ ఆఫీసుకో వార్డు సచివాలయానికో వెళ్లి చూడండి. స్విచ్ వేసేవాళ్లు ఒకరు, బిల్లు చూసేవాళ్లు ఎక్కడో అకౌంట్స్ సెక్షన్లో ఇంకొకరు, కట్టే డబ్బేమో మనందరి పన్ను. ప్రభుత్వ భవనాల్లో కరెంటు వృథా అవడానికి పాత ఫ్యాన్లూ పాత లైట్ల కన్నా ముందు ఇదే కారణమని నా గట్టి నమ్మకం.

ఏసీ సంగతే తీసుకోండి. మనది ఉక్కపోత ఊరు. తలుపు బార్లా తెరిచి ఏసీ వేస్తే బయటి తేమంతా లోపలికొస్తుంది, ఆ తేమని నీళ్లుగా మార్చి బయటికి పంపడానికే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, గది మాత్రం చల్లబడదు, దాంతో ఎవరో ఒకరు రిమోట్ అందుకుని 18కి దించేస్తారు. ఒక్క డిగ్రీ పెంచినా దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ ఎప్పటినుంచో చెబుతోంది. తలుపు మూసి 24 పెట్టి, ఫ్యాను చిన్నగా తిప్పండి, హాయిగా ఉంటుంది. ఇంకో మాట, సముద్రం దగ్గరి భవనాల్లో ఔట్‌డోర్ యూనిట్ వెనకున్న సన్నటి రేకుల్ని ఉప్పుగాలి తినేస్తుంది. అవి పొడిపొడిగా రాలిపోతే యూనిట్ వేడిని బయటికి వదల్లేదు, కరెంటు మాత్రం ఎక్కువ లాగుతుంది. అప్పుడప్పుడూ మంచినీళ్లతో కడిగిస్తే చాలు, దానికి టెండర్లు పిలవక్కర్లేదు కదా!

చాలాచోట్ల హాలు మొత్తానికి ఒకటే స్విచ్. కిటికీ పక్కన ఎండ పడుతున్నా, లోపలి వరుసలో చీకటి కాబట్టి అన్ని లైట్లూ వెలగాల్సిందే. పైగా ఆ కిటికీకి అడ్డంగా ఫైళ్ల బీరువా. బీరువా జరిపి, కిటికీ వరుసకి వేరే స్విచ్ పెట్టించడం ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని.

ఫ్యాన్ల లెక్క కూడా చూద్దాం. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారున్న ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులనుకుంటే ఒక్కో ఫ్యాను మీద 108 యూనిట్లు మిగులుతాయి, వంద ఫ్యాన్లున్న ఆఫీసులో 10,800.

మనవాళ్లకి చేతకాక కాదండీ. 2014లో హుద్‌హుద్ తుఫాను కొట్టాక వీధుల్లో ఎల్ఈడీ దీపాలు పెట్టించారు, ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ల మీద 2 మెగావాట్ల సోలార్ పలకలు తేల్చారు. ఆ శ్రద్ధ ఆఫీసు గదుల్లోకి కూడా రావాలి. ప్రతి నెలా బిల్లు కాపీ, పోయినేడు ఇదే నెల బిల్లు, రెండూ పక్కపక్కనే నోటీసు బోర్డుకి అంటించాలి, సాయంత్రం ఏసీలూ లైట్లూ కట్టేశారా లేదా అని చూసే బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి. మేడ మీద సోలార్ సంగతి ఆ తర్వాతే, వాడకం తగ్గాక పలకలూ తక్కువ పడతాయి.

ఈసారి పన్ను కట్టడానికి వెళ్లినప్పుడు ఈ ఆఫీసు కరెంటు బిల్లు నెలకెంత అని మర్యాదగా అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.