ఊరికన్నా పెద్ద వంతెన

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు "పాత బస్తీ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. పాత బస్తీ అనగానే మీ కళ్ల ముందు ఏం మెదిలిందో నాకు తెలుసు. చార్మినార్, లాడ్ బజార్ గాజులు, ఇరానీ చాయ్, రంజాన్ నెలలో హలీం. వాటితో నాకేం తగాదా లేదు. కానీ ఇవాళ చార్మినార్ దగ్గర మొదలుపెట్టను. మూసీ మీద మొదలుపెడతాను. ఊరు మొదలైంది అక్కడే కాబట్టి.

పురానాపూల్ కట్టింది 1578లో. చార్మినార్ 1591లో. అంటే హైదరాబాద్ అనే ఊరు పుట్టకముందు పదమూడేళ్లుగా ఈ వంతెన ఇక్కడ నిలబడి ఉంది. కట్టించినవాడు ఇబ్రహీం కులీ కుతుబ్ షా. మన తెలుగు కవులు ముద్దుగా మల్కిభరాముడని పిలుచుకున్నది ఈయన్నే. ఈ వంతెన వెనక ఒక ప్రేమకథ చెబుతారు, మీరూ వినే ఉంటారు. ఆయన కొడుకు, రాకుమారుడు మహమ్మద్ కులీ, తన ప్రియురాలు భాగమతి కోసం వరదలో గుర్రాన్ని దూకించాడనీ, తండ్రి భయపడి వంతెన కట్టించాడనీ. కథ బాగుంది. కాకపోతే 1578 నాటికి ఆ రాకుమారుడికి పన్నెండో పదమూడో ఏళ్లు. ఆ వయసులో గుర్రమెక్కి, వరద దాటి, ప్రేమించి... సరే, మీ ఇష్టం.

నా అనుమానం మాత్రం వర్తకం మీద. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాట ఇక్కడే నది దాటేది. అవతలి గట్టున కార్వాన్. పేరులోనే ఉంది, బిడారులు దిగే చోటు. వజ్రాల బేరాలు సాగిన పేట అది. పదిహేడో శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ వంతెన చూసి, పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనకి ఇదేం పెద్దగా తీసిపోదన్నట్టు రాశాడు. ఆ కార్వాన్‌లోనే 1671లో మూసాఖాన్ కట్టించిన టోలీ మసీదు ఉంది. గోడ మీద సున్నపు నగిషీ పని చూస్తే మెడ నొప్పి పుట్టేదాకా తల దించబుద్ధి కాదు. నేను వెళ్లిన ప్రతిసారీ అక్కడ నలుగురికి మించి కనపడలేదు. చార్మినార్ దగ్గర సెల్ఫీకి చోటు దొరకదు. ఇక్కడేమో పావురాలదే రాజ్యం.

ఇప్పుడు ఆ వంతెన మీద ఏముందో చెబుతాను. బండ్లన్నీ పక్కనున్న కొత్త వంతెన మీదుగా పోతాయి. పాతదాని మీద కూరగాయలమ్ముతారు. నాలుగున్నర శతాబ్దాల నాటి రాళ్ల మీద గోనెపట్టాలు పరిచి, వాటి మీద టమాటాలు, బెండకాయలు, కొత్తిమీర కట్టలు. ఒకామె పిట్టగోడకు వీపు ఆనించి పచ్చిమిరపకాయలు తొడిమలు తీస్తూ ఉంటుంది. ఆ తొడిమల్ని తలకూడా తిప్పకుండా భుజం మీదుగా వెనక్కి విసురుతుంది. అవి పోయి మూసీలో పడతాయి. వంగి కిందికి చూస్తే ఇరవైకి పైగా కమానులు, వాటిలో రెండో మూడో కమానుల కింద నల్లగా పారే నీరు, మిగతా వాటి కింద గడ్డి, మట్టి, ప్లాస్టిక్. గట్టు పక్కన శ్మశానం. ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. మొదటిసారి నేనూ మూసుకున్నాను. ఆమె నవ్వి, "ఐదు నిమిషాలు సార్, ఆ తర్వాత తెల్వది" అంది. నిజంగానే తెలియలేదు. ముక్కు అలవాటు పడిపోతుంది. ఊరూ అలాగే అలవాటు పడిపోయింది.

ఇక వరద సంగతి. 1908 సెప్టెంబర్ 28. ఆ వరద గురించి తెలియకుండా ఈ నది అర్థం కాదు. ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. ఒకటి తెగితే దాని కిందిది, దాని కింద ఇంకొకటి. గొలుసుకట్టు చెరువులకు ఉన్న గుణమే అది. మామూలు రోజుల్లో ఒకదానికొకటి నీళ్లిచ్చుకుంటాయి, తెగిన రోజున ఒకదాన్నొకటి ముంచుకుంటాయి. ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. సుమారు 15 వేల మంది పోయారంటారు. కోల్సావాడి, ఘాన్సీ బజార్ లాంటి పేటలు ఊడ్చుకుపోయాయి. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు నిలవలేదు. దెబ్బలు తిన్నా నిలబడింది మన ముసలి పురానాపూల్ ఒక్కటే. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ రోజు తల్లినీ, భార్యనీ, కూతుర్నీ పోగొట్టుకున్నాడు. ఇంట్లో మిగిలింది ఆయనొక్కడే.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. వరదలో దాదాపు 150 మంది ఆ కొమ్మల మీద ప్రాణాలు దక్కించుకున్నారు. దాని కింద నిలబడి తల పైకెత్తి చూడండి. నూట యాభై మంది ఎలా పట్టారా అని లెక్కపెట్టబోయి నేను ఓసారి ఇరవై దాకా వచ్చి ఆగిపోయాను. ఎందుకంటే పక్కన బెంచీ మీద ఎవరో రోగి తాలూకు మనిషి, చేతిలో టిఫిన్ డబ్బా, నా వైపు వింతగా చూస్తున్నాడు. "ఏంది సార్, కాయలు లెక్కపెడుతున్నరా?" అన్నాడు. కథ చెప్పాను. కాసేపు ఆయనా లెక్కపెట్టాడు.

వరద తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1909లో వచ్చి ఆయన చెప్పిన మందు సూటిగా ఉంటుంది. వరదను ఊళ్లో ఆపలేం, ఊరికి పైనే ఆపాలి. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920కి పూర్తయింది. మూసీలో కలిసే ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927కి. 1912లో నగర అభివృద్ధి కోసం ఒక బోర్డు పెట్టారు. పత్తర్‌గట్టీ రాతి కమానుల బజారు ఆ బోర్డు చలవే. నది ఒడ్డున ఇప్పుడు మనం గర్వంగా ఫొటోలు తీసుకునే హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, మూడూ వరద తర్వాత వచ్చినవే. మూడింటిలోనూ వాస్తుశిల్పి విన్సెంట్ ఈష్ చెయ్యి ఉంది. గమనించారా, నీళ్లు ముంచిన చోటే, నదికి ఎదురుగానే కట్టారు. నదిని చూసి సిగ్గుపడే ఊరు అలా కట్టదు.

మరి ఈ నదికి వీపు తిప్పింది ఎప్పుడు? నా లెక్కలో ఆ ఆనకట్టలతోనే మొదలైంది. ఇది అంటే కొందరికి కోపం వస్తుంది, విశ్వేశ్వరయ్యను తప్పు పడుతున్నానని. తప్పు ఆయనది కాదు. ఆయన మందు పనిచేసింది, ప్రాణాలు కాపాడింది. కానీ పైన నీళ్లు ఆగిపోయాక కింద నదిలో పారడానికి ఏం మిగిలింది? గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని సామెతలా చెప్పుకుంటాం. ఆ గండిపేట నీళ్లే మూసీ అని ఎవరైనా గుర్తు చేసుకుంటారా? మూసీ నల్లాల్లోంచి మన ఇళ్లలోకి వచ్చి, మోరీల్లోంచి మూసీలోకి పోయింది. ఖాళీగా ఉన్న నదిని చూస్తే ఊరికి ఏం తోస్తుంది? చెత్త పారేయడానికి మంచి చోటనిపిస్తుంది.

ఇంకో తమాషా ఉంది. ఊరు పెరిగి గండిపేట చాలక మంజీర తెచ్చుకున్నాం, సింగూరు తెచ్చుకున్నాం, నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి తెచ్చుకున్నాం. అవన్నీ మన వంటిళ్ల మీదుగా, స్నానాల గదుల మీదుగా చివరికి చేరేది మూసీకే. మే నెలలో నయాపూల్ మీద నిలబడి చూడండి. వాన చుక్క లేదు, అయినా నది పారుతూనే ఉంటుంది. అది అనంతగిరి కొండల నీళ్లు కాదు. అది కృష్ణమ్మ, గోదారమ్మ, మన సబ్బు నురగ కలుపుకొని పోతున్నారు. ఆ నీళ్లే కొన్ని శుద్ధి అయి, కొన్ని కాకుండా, అంబర్‌పేట దాటాక గడ్డి పెంచుతాయి. ఆ గడ్డి బర్రెలు తింటాయి. పాలు మళ్లీ ఊళ్లోకే వస్తాయి. మిగిలిన నీళ్లు నల్లగొండ జిల్లా రైతుల పొలాలు తడిపి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. అక్కడి రైతులు మనల్ని ఏమని తిట్టుకుంటారో ఈ సభలో చెప్పలేను.

పేటల మాటకు వస్తాను. నది దాటి మదీనా వైపు వెళ్తే బాద్షాహీ అషుర్‌ఖానా ఉంది, మొహర్రం సంతాపం జరిపే చోటు. 1590ల నాటిది, చార్మినార్ వయసుదే. లోపల గోడల నిండా రంగు రంగుల మీనాకారీ పలకలు. పసుపు, నీలం, ఆకుపచ్చ, ఆలం అంటే మొహర్రం పీర్ల ఆకారాల్లో. ఒక గోడ దగ్గరికి వెళ్లి ముఖం ఆనించేంత దగ్గరగా చూడండి. కొంత మేర మెరుపు ఆగిపోతుంది. పలక కాదు, రంగు పూత. 1908 వరద లోపలికి వచ్చి పలకల్ని పాడుచేస్తే, ఆ మేర నకలు చిత్రించారు. గైడ్లు ఈ అతుకును చూపించరు, అందం తగ్గుతుందనేమో. నాకు మాత్రం ఆ గది మొత్తంలో చూడాల్సింది ఆ అతుకే. నది ఎంత లోపలికి వచ్చిందో చెప్పే గీత అది.

అక్కణ్నుంచి ఛత్తా బజార్ దగ్గరే. పెళ్లి కార్డుల పేట. ఉర్దూ ఖుష్‌నవీసులు, అంటే అందమైన చేతిరాత రాసేవాళ్లు, కలం పట్టి రాసిన రోజులున్నాయి. ఇప్పుడు పనంతా కంప్యూటర్ మీదే. నదికి ఉత్తరాన కోఠీలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ. బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన భవనం, నిన్నమొన్నటి దాకా అందులో మహిళా కళాశాల, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. దాని పక్కనే సుల్తాన్ బజార్. చీరలు కొనడానికి వెళ్లే ఆ ఇరుకు సందుల్లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో మొదలైంది. తెలుగు మాట్లాడితే చిన్నచూపు చూసే కాలంలో తెలుగు పుస్తకానికి నీడనిచ్చిన చోటు. మనలో ఎంతమంది వెళ్లారు? చేతులెత్తమనను లెండి.

ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం ఒక్కటే కాదు. ఖాళీ చేసి వెళ్లిపోవడం కూడా. ఉస్మానియా పాత భవనంలోకి 2020 జూలైలో వాన నీళ్లు వచ్చాక రోగుల్ని తరలించి తాళం వేశారు. కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో 2025లో, కొత్త హైకోర్టుకు రాజేంద్రనగర్‌లో 2024లో శంకుస్థాపనలు జరిగాయి. రోగికి మంచి వార్డు కావాలి, కోర్టుకు చోటు కావాలి, అందులో వాదన లేదు. కానీ రోజూ వేలమంది తొక్కే గడప నుంచి ఆ వేలమందీ వెళ్లిపోతే నది ఒడ్డున ఈ రెండు గుమ్మటాల కింద ఎవరుంటారు? భవనానికి సున్నం కన్నా మనుషులు ముఖ్యం. నేను అడగాల్సినవాళ్లను అడుగుతూనే ఉన్నాను.

మనుషులంటే గుర్తొచ్చింది. 2024 చివర్లో ఒక ఉదయం చాదర్‌ఘాట్ దిగువ బస్తీలోకి వెళ్లాను. మెడలో కెమెరా, చేతిలో నోటుబుక్కు. పాత వంతెన గోడ ఆనవాలు ఏమైనా దొరుకుతుందేమోనని నా వెతుకులాట. నది సుందరీకరణ కోసం అక్కడి ఇళ్ల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసిన రోజులవి. ఒకామె గిన్నెలు తోముతున్నదల్లా లేచి వచ్చి, "సర్వేకొచ్చిండ్రా సార్? రాసేదుంటే రాసుకొని పోండ్రి, గడియకొకరు వచ్చి ఫొటోలు తీయకుండ్రి" అంది. నేను సర్వే మనిషిని కానమ్మా, చరిత్ర చూడ్డానికి వచ్చానన్నాను. "మేం నలభై ఏండ్ల సంది ఈన్నే ఉన్నం, మమ్మల్ని చూస్తలేరా మరి?" అంది. జవాబు లేదు నా దగ్గర. కెమెరా సంచిలో పెట్టేశాను. అప్పట్నుంచీ నాతో పాత బస్తీ చూసే నడకకు వచ్చేవాళ్లకు నేను పెట్టే ఒకే ఒక్క షరతు, బస్తీల్లో ముందు పలకరింపు, ఆ తర్వాతే ఫొటో.

నది వెడల్పు కావాలి, శుభ్రం కావాలి, నిజమే. గండిపేట నుంచి గౌరెల్లి దాకా 55 కిలోమీటర్ల పొడవునా అభివృద్ధి చేస్తామంటున్నారు. నది దారిలో ఇళ్లుంటే ప్రమాదమన్నదీ నిజమే. అయితే నది దారిలో ఉన్నవి గుడిసెలేనా? 2025 సెప్టెంబర్ చివర్లో గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ నీళ్లు నేరుగా మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చాయి. దసరాకు ఊళ్లకు పోయే జనం లోపల చిక్కుకుపోయారు. ఆ బస్టాండు ఎక్కడుందనుకున్నారు? నది నడుమ లంక మీద. ఆ చోటి పేరు ఇమ్లీబన్, అంటే చింతతోపు. ఒకప్పుడు చింతచెట్లెక్కి బతికిన ఊరు, ఆ తోపు పేరు బస్టాండుకు పెట్టుకుంది.

చాలాసేపు మాట్లాడినట్టున్నాను, మైకు దగ్గర బాబు గడియారం చూస్తున్నాడు.

ఈ ఆదివారం నడక కోసం ఉదయం ఆరున్నరకు పురానాపూల్ దర్వాజా కింద ఉంటాను. పాత ఊరి గోడకు మిగిలిన రెండు దర్వాజాల్లో అదొకటి, రెండోది దబీర్‌పురాలో ఉంది. రావాలనుకున్నవాళ్లు చెప్పులు కాకుండా బూట్లు వేసుకురండి, నీళ్ల సీసా తెచ్చుకోండి. తిరుగు ప్రయాణంలో వంతెన మీద ఆకుకూరలు కొనుక్కోవచ్చు కాబట్టి ఒక గుడ్డ సంచీ కూడా. పాలకూర ఎక్కడ పండిందో మాత్రం అడక్కండి. నేను ఓసారి అడిగాను. మిరపకాయ తొడిమ ఒకటి వెనక్కి విసిరి, "మార్కెట్ల పండింది సార్" అంది.