బెల్టు మార్చిన బండి మొండికేస్తే
(తిరుపతిలో మెకానిక్‌లు, ఐటీఐ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

తిరుపతిలో షెడ్డు నడిపేవాళ్ల మీద బాధ్యత కాస్త ఎక్కువ. మన దగ్గరికొచ్చే బండ్లు చాలావరకు మళ్లీ కనపడవు. ఎక్కడినుంచో పిల్లాపాపలతో కొండకు వచ్చినవాళ్లు రేణిగుంట రోడ్డులో బండి ఆగిపోతే, ముక్కూమొహం తెలియని మన చేతికి తాళం ఇచ్చి దర్శనానికి పోతారు. మనం బెల్టు వేసిన బండి ఆ రాత్రి భాకరాపేట ఘాట్‌లో నిలిచిపోతే వాళ్ల పరిస్థితి ఏమిటి? అందుకే ఇంజిన్ భాగాలను వేళ తప్పకుండా తిప్పే పళ్ల బెల్టు, అంటే టైమింగ్ బెల్టు, మార్చాక వచ్చే ఇబ్బందుల గురించే ఈరోజు మాట్లాడతాను.

నిన్నటిదాకా బాగా నడిచిన బండి, బెల్టు మార్చాక మొరాయించిందంటే ముందు మన చెయ్యి పడిన చోటే వెతకాలి. ఇంజెక్టర్ పోయిందనీ, పంపు వీక్ అయిందనీ కస్టమర్‌తో డబ్బు ఖర్చు పెట్టించడం అన్యాయం.

బండి స్టార్ట్ కాకపోతే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. దయచేసి కొట్టకండి. చాలా ఇంజిన్లలో వాల్వు కిందికి దిగే చోటికే పిస్టన్ కూడా పైకి వస్తుంది. రెండూ వేళ తప్పకుండా చూసేది బెల్టే. టైమింగ్ బాగా తప్పి ఉంటే సెల్ఫ్ మోటారు బలానికి వాల్వులు వంగిపోతాయి. ప్లగ్గులు విప్పి, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) బోల్టుకు స్పానర్ పెట్టి, ఇంజిన్ తిరిగే దిక్కుకే చేత్తో మెల్లగా తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తట్టుకుంటే అక్కడే ఆపండి, బలం చూపించొద్దు.

క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్, అంటే వాల్వులు తెరిచే ఇరుసు, ఒక చుట్టు తిరుగుతుంది. క్రాంకు పుల్లీకి 20 పళ్లుంటే క్యామ్ పుల్లీకి 40 ఉంటాయి. అలాంటి ఇంజిన్లో బెల్టు ఒక్క పన్ను తప్పితే క్రాంకు లెక్కలో 18 డిగ్రీల తేడా వస్తుంది. అయినా బండి చాలాసార్లు స్టార్ట్ అవుతుంది. నన్ను భయపెట్టేది అదే. ఐడ్లింగ్‌లో కొంచెం అదురుతుంది, తిరుచానూరు రోడ్డులో బాగానే పోతుంది. నలుగురిని ఎక్కించుకుని రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పికప్ లేక ఏడుస్తుంది. అందుకే చదును రోడ్డు మీద ఒక రౌండ్ వేసి 'ఓకే' అనేయకండి.

పుల్లీల మీది మార్కులన్నీ సరిగ్గానే పెట్టాం కదా, పన్ను ఎలా తప్పింది అని అడుగుతారు. బెల్టును బిగించి పట్టే టెన్షనర్ లేని వైపు బెల్టు బిగువుగా ఉండాలి, లూజంతా టెన్షనర్ వైపే మిగలాలి. అవతలి వైపు కొంచెం లూజు ఉండిపోయినా, టెన్షనర్ వదలగానే ఆ లూజును లాగేసుకుంటుంది, దాంతోపాటు క్యామ్ కూడా జరుగుతుంది. అందుకని బిగించాక చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, పుల్లీల మీది మార్కులు మళ్లీ చూడాలి. ఇక్కడ కొత్తవాళ్లు కంగారుపడే సంగతి ఒకటుంది. బెల్టు మీద గీసిన గీతలు రెండు చుట్ల తర్వాత సాధారణంగా కలవవు. అవి బెల్టు ఎక్కించేటప్పుడు మాత్రమే పనికొస్తాయి. తర్వాత నమ్మాల్సింది పుల్లీ మార్కులనే.

స్కానర్లో P0016 అనే లోపం కోడ్ వస్తే క్రాంకుకూ క్యామ్‌కూ లెక్క కుదరడం లేదని అర్థం. కొత్త బెల్టు వేసిన బండిలో ఇది కనపడితే కవరు విప్పాల్సిందే, కోడ్ చెరిపి పంపించొద్దు. P0335 వస్తే క్రాంకు సెన్సర్ సర్క్యూట్లో, P0340 వస్తే క్యామ్ సెన్సర్ సర్క్యూట్లో లోపమని అర్థం. వెంటనే కొత్త సెన్సర్ కొనకండి. కనెక్టర్ పెట్టడం మర్చిపోయామా, కవరు కింద వైరు నలిగిందా చూడండి. పాత ఇండికా డీజిల్ లాంటి బండ్లలో ఇంజెక్షన్ పంపు టైమింగ్ కూడా చూడాలి. అది తప్పితే పొగ, కొట్టుకునే శబ్దం వస్తాయి.

సన్నగా ఈల వేసినట్టు కూత వస్తే బెల్టు ఎక్కువ బిగిసిందేమో చూడండి. అలాగే వదిలేస్తే బేరింగులు పోతాయి. కవరుకు తట్టుకుంటున్న చప్పుడైతే లూజు. ఇంజిన్ మొత్తం ఊగుతుంటే మనం విప్పిన మౌంట్ బోల్టులు గుర్తు చేసుకోండి.

కొన్ని ఇంజిన్లలో వాటర్ పంపును తిప్పేదీ ఈ బెల్టే. పంపు మార్చి కూలెంట్ పోశాక లోపల గాలి చిక్కుకుంటే ఎండాకాలంలో అలిపిరి దాటకముందే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. హీటర్ ఆన్ చేసినా చల్లగాలే వస్తుంటే గాలి ఉన్నట్టే అనుకోండి. ఇంజిన్ చల్లారాక, ఆ మోడల్‌కు చెప్పిన పద్ధతిలో గాలి తీయండి.

అన్నీ సరిచేసినా ఇంజిన్ తడబాటు (మిస్సింగ్) పోలేదంటే కంప్రెషన్, అంటే సిలిండర్లో పుట్టే ఒత్తిడి, కొలవండి. ఒక సిలిండర్లో మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే వాల్వు వంగి ఉండవచ్చు. అప్పుడు వాల్వులుండే హెడ్ దించకముందే ఓనరుకు ఫోన్ చేయండి. గేజీ రీడింగు ఫోటో పంపండి, ఖర్చు ఎంతవుతుందో, అందులో మన తప్పుకు మనం భరించేదెంతో అప్పుడే చెప్పండి. ఆయన సరేనన్నాకే హెడ్ బోల్టు మీద స్పానర్ పెట్టండి.