యూదా అడిగిన ప్రశ్న

శ్రోతలకు నమస్కారం.

చర్చి మీటింగుల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది. కొత్త మందిరం ప్లాను గోడకి తగిలిస్తారు. గోపురం ఎంత ఎత్తు, అద్దాలు ఏ రకం, సౌండ్ సిస్టం ఎలాంటిది, అన్నీ వివరంగా చెబుతారు. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో లేచి, "ఇంత డబ్బు ఇక్కడ పెట్టే బదులు పేదవాళ్లకి ఇవ్వొచ్చు కదండీ" అంటారు. ముందు వరసలోంచి జవాబు వెంటనే వస్తుంది: "యూదా ఇస్కరియోతు కూడా ఇలాగే అడిగాడు." యేసుని పట్టిచ్చిన శిష్యుడు కదా యూదా, అందరూ నవ్వుతారు. లేచినాయన కూర్చుంటాడు.

ఆ కూర్చున్నాయన తరఫున ఈ పూట నాలుగు మాటలు చెబుదామని వచ్చాను.

ముందు ఆ కథే చూద్దాం. యోహాను సువార్త 12వ అధ్యాయం. బేతనియలో మరియ ఖరీదైన జటామాంసి అత్తరు తెచ్చి యేసు పాదాలకి పూసింది. ఇల్లంతా ఆ వాసనే. దీన్ని 300 దేనారాలకి అమ్మి బీదలకి ఎందుకివ్వలేదు అన్నాడు యూదా. ఒక దేనారం అంటే ఆ రోజుల్లో కూలివాడి ఒక రోజు కూలి. పని లేని రోజులు తీసేస్తే, 300 దేనారాలు దాదాపు ఒక మనిషి ఏడాది కష్టం. అడగదగ్గ ప్రశ్నే. ఆ ప్రశ్న తప్పని యోహాను కూడా రాయలేదు. యూదాకి బీదల మీద చింత లేదనీ, డబ్బు సంచి అతని దగ్గరే ఉండేదనీ, అందులోంచి దొంగిలించేవాడనీ రాశాడు. తప్పు ప్రశ్నలో లేదు, సంచిలో ఉంది. ఈ కథని నిజంగా వాడుకోవాలంటే, లెక్క అడిగేవాళ్ల మీద కాదు, లెక్క చూపించనివాళ్ల మీద వాడాలి.

దానికి యేసు ఇచ్చిన జవాబు కూడా అందరికీ కంఠతా వచ్చు. బీదలు ఎప్పుడూ మీతోనే ఉంటారు, నేను ఎప్పుడూ ఉండను అన్నాడు. పేదరికం ఎలాగూ పోదు, మనం మందిరం కట్టుకుందాం అన్న అర్థంలో ఈ మాట వాడేవాళ్లున్నారు. కానీ అందులోని మొదటి సగం పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయంలోది. అక్కడ వాక్యం అంతటితో ఆగదు. దేశంలో బీదలు ఉండకపోరు, కాబట్టి వాళ్లకి నీ చెయ్యి చాపు అని ఉంటుంది. ఆ గదిలో కూర్చున్నవాళ్లు ధర్మశాస్త్రం వింటూ పెరిగినవాళ్లు. సగం చెబితే మిగతా సగం వాళ్లకి గుర్తొచ్చి ఉండాలి. మనకి మాత్రం ఆ సగమే చాలింది.

అలాగని కట్టడాలే వద్దనే మనిషిని కాను. నలుగురు కూడుకోవాలంటే నెత్తిమీద కప్పు కావాలి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అందం డబ్బున్నవాళ్ల సొత్తు కాదు. ఇరుకు గదిలో ఆరుగురితో బతికే మనిషి టికెట్టు లేకుండా వెళ్లి, ఎత్తైన పైకప్పు కింద, రంగు అద్దాల వెలుగులో ఒక గంట కూర్చోగలిగే చోటు ఎన్ని ఉంటాయి? 12వ శతాబ్దంలో పారిస్ దగ్గర సాం డెనీ మందిరాన్ని తిరగకట్టించిన మఠాధిపతి సుజే వాదన దాదాపు ఇదే. వెలుగు, రత్నాలు, రంగులు మనసుని పైకి తీసుకెళతాయన్నాడు. 1144లో ప్రతిష్ఠ జరిగిన ఆ గర్భాలయం గోతిక్ అనే నిర్మాణ శైలికి తొలి మెట్టు అయింది.

మెదక్ చర్చి సంగతి ఇంకా వేరు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కరువు పడితే, మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించి తిండి పెట్టడానికి కట్టడం పని వాడుకున్నాడు. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. అక్కడ మందిరానికీ పేదలకీ మధ్య తగవే లేదు. అయితే ఈ ఉదాహరణ చెప్పి కాంట్రాక్టరుకి పని ఇచ్చి, విదేశీ పాలరాయి తెప్పించుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. పాస్నెట్ దగ్గర పని మొదలైంది ఆకలి దగ్గర, గోపురం దగ్గర కాదు.

సుజే కాలంలోనే బెర్నార్డ్ అనే సన్యాసి ఉండేవాడు. చర్చి గోడలు మెరుస్తున్నాయి, చర్చిలోని పేదలు మాడుతున్నారు, రాళ్లకి బంగారం తొడిగి బిడ్డల్ని బట్టల్లేకుండా వదిలేశారు అన్నది అతని ఆక్రోశం. అతనికంటే ఏడెనిమిది వందల ఏళ్ల ముందే జాన్ క్రిసోస్టమ్ అనే బోధకుడు ఇంకా సూటిగా అడిగాడు: క్రీస్తు బల్ల మీద బంగారు గిన్నెలు పెట్టి, అదే క్రీస్తు ఆకలితో చస్తుంటే ఏం లాభం? అలంకారం వద్దనను, ముందు ఆకలి తీర్చు, ఆ తర్వాత బల్ల సంగతి చూడు అన్నాడు. నాకు ఈ వరసే సరైందనిపిస్తుంది.

వరస తప్పితే ఏమవుతుందో ఈమధ్య కాలంలోనూ చూశాం. జర్మనీలో లింబుర్గ్ బిషప్ నివాస సముదాయం ఖర్చు దాదాపు 3 కోట్ల 10 లక్షల యూరోలకి చేరింది. 2013లో అది బయటపడి గొడవైంది. మరుసటి ఏడాది పోప్ ఆయన రాజీనామా ఆమోదించారు. కాలిఫోర్నియాలో పది వేలకి పైగా అద్దాలతో 1980లో తెరిచిన క్రిస్టల్ కెతెడ్రల్ సంఘం 2010లో దివాలా పిటిషన్ వేసింది. కట్టడం ఒక్కటే కారణం కాదు, కానుకలు కూడా పడిపోయాయి. కానీ కానుకలు తగ్గాయని గోడలు తమ ఖర్చు తగ్గించుకోవు కదా! చివరికి ఆ భవనాన్ని కాథలిక్ డయోసిస్ 5 కోట్ల 75 లక్షల డాలర్లకి కొనుక్కుంది.

నేనూ ఒకసారి ఒక సంఘం నిర్మాణ కమిటీలో కూర్చున్నాను. గచ్చు మీద పరిచే పలకల రంగు గురించి గంటకి పైగా మాట్లాడుకున్నాం. నేనూ మాట్లాడాను, తేనెరంగు బాగుంటుందన్నాను. తర్వాతి అంశం ఒక విశ్వాసి భార్య ఆపరేషన్‌కి సాయం. టీ చల్లారేలోపు అయిపోయింది. ఎవరూ దుర్మార్గులు కారు. పలక చేతిలో పట్టుకుని చూడొచ్చు, ప్రతిష్ఠ రోజున ఫొటో తీయొచ్చు, దాత పేరు చెక్కించొచ్చు. మందుల చీటీ మీద దాత పేరు చెక్కించడం కుదరదు.

కానుక ప్రసంగాల్లో పేద విధవరాలి కథ రాని ఏడాది ఉండదు. ఆవిడ రెండు కాసులు వేసింది, ఉన్నదంతా వేసింది, మీరెంత వేస్తారు అని అడుగుతారు. ఆ కథ మార్కు సువార్తలో 12వ అధ్యాయం చివర ఉంది. దానికి సరిగ్గా ముందున్న వాక్యాలు చదవండి. పొడుగు అంగీలు వేసుకుని, పైకి కనబడేలా పెద్ద ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ల ఇళ్లు మింగేసే శాస్త్రుల్ని, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్లని, యేసు తిడుతున్నాడు. వెంటనే, ఉన్న రెండు కాసులూ వేసేస్తున్న ఒక విధవరాలు కనిపిస్తుంది. ఇప్పుడు తర్వాతి వాక్యం చదవండి. దేవాలయంలోంచి బయటికి వస్తుంటే ఒక శిష్యుడు, ఎంత రాళ్లు, ఎంత కట్టడాలు చూడమంటాడు. రాయి మీద రాయి నిలవదంటాడు యేసు. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం ఆ ఆలయాన్ని నేలమట్టం చేసింది.

విధవరాలి కథకీ ఈ రాళ్ల మాటకీ మధ్యలో 13వ అధ్యాయం అని ఉన్న అంకెని మార్కు వేయలేదు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్థిరపడింది. ఆ అంకె తీసేసి చదివితే ఇళ్లు మింగేవాళ్లు, రెండు కాసులు, పెద్ద రాళ్లు మూడూ ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. యేసు ఆవిణ్ణి మెచ్చుకున్నాడా, ఆవిడ గురించి బాధపడ్డాడా? రెండూ అనుకుంటాను. ఆవిడలాగే చేయమని మాత్రం అక్కడ ఎవరికీ చెప్పలేదు. తన బతుకంతా వేసేసిందని శిష్యుల్ని పిలిచి చూపించాడు, అంతే. వాళ్లలో ఒకడి చూపు అప్పటికే రాళ్ల మీదికి పోయింది.

ఆ తర్వాత ఆవిడ సువార్తలో ఎక్కడా కనిపించదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఏం తిన్నదో ఎవరూ రాయలేదు.